బోర్డు కొన్నారు సరే, దాని పుస్తకం ఎక్కడ?

ఫోన్ రివ్యూ అనగానే మన దగ్గర ఒక లెక్క రెడీగా ఉంటుంది. డిస్‌ప్లే ఎలా ఉంది, కెమెరా ఎలా ఉంది, బ్యాటరీ ఎన్ని గంటలు వస్తోంది, పెట్టిన డబ్బుకు తగ్గట్టు ఉందా లేదా. అదే లెక్కను మైక్రోకంట్రోలర్ బోర్డులకు కూడా వాడేస్తున్నాం. ఎన్ని కోర్లు, ఎంత ర్యామ్, వైఫై ఉందా, టైప్-సీ పోర్టు ఉందా... రివ్యూ అయిపోయింది, స్టార్లు పడిపోయాయి.

నేను చెప్పేది ఏంటంటే, ఈ లెక్కలో అన్నిటికంటే ముఖ్యమైన కాలమ్ ఒకటి మిస్సయింది. ఆ బోర్డు మీద నడిచే భాషలో ముందే ఇచ్చిన లైబ్రరీల గురించి ఎంత బాగా రాసిపెట్టారు? ఇది సరిగ్గా లేకపోతే మిగతా స్పెక్స్ అన్నీ డబ్బా మీద బొమ్మలే.

"డాక్యుమెంటేషనా? అది ఎవరు చదువుతారు బ్రో" అని మీలో చాలామంది అనుకుంటారని తెలుసు. ఒక్క ఐదు నిమిషాలు ఆగండి.

బోర్డులోంచి తీసేసిన భాగం

ముందు మైక్రోపైథాన్ సంగతి చూద్దాం. ఈఎస్‌పీ32, రాస్ప్‌బెర్రీ పై పికో లాంటి చిన్న బోర్డుల మీద పైథాన్ రాస్తున్నామంటే దాని పుణ్యమే. డేమియన్ జార్జ్ అనే ఫిజిక్స్ సైంటిస్టు 2013లో కిక్‌స్టార్టర్‌లో డబ్బు సేకరించి దీన్ని జనంలోకి తెచ్చారు. 256 కేబీ కోడ్ స్థలం, 16 కేబీ ర్యామ్ ఉంటే చాలు, పైథాన్ నడుస్తుంది. మీ ఫోన్‌లో ఒక వాట్సాప్ ఫొటో కూడా అంతకంటే పెద్దగానే ఉండొచ్చు.

ఇంత చిన్న చోట ఒక భాషను ఇరికించాలంటే ఏదో ఒకటి వదులుకోవాలి కదా. మైక్రోపైథాన్ వదిలేసిన వాటిలో ఒకటి వివరణ. లాప్‌టాప్‌లో పైథాన్ తెరిచి ఏ ఫంక్షన్ పేరైనా ఇచ్చి 'హెల్ప్' కొట్టండి. అది ఏం చేస్తుందో, ఏం తిరిగి ఇస్తుందో రెండు ముక్కల్లో చెబుతుంది. ఆ వివరణ భాష లోపలే ఉంటుంది. ఇప్పుడు బోర్డు మీద 'మెషీన్' లైబ్రరీలోని 'పిన్' కోసం అదే 'హెల్ప్' కొట్టండి. పేర్లు వరసగా వస్తాయి, అంతే. ఏ పేరు దేనికో, లోపల ఏ విలువ ఇవ్వాలో ఒక్క ముక్క ఉండదు. మెమరీ మిగలడం కోసం ఆ వివరణలన్నీ తీసేశారు.

ఇది అపార్ట్‌మెంట్ గేటు దగ్గర లెటర్ బాక్సుల వరస లాంటిది. పేర్లు కనపడతాయి, ఎవరు ఏ పని చేస్తారో తెలియదు. అది తెలియాలంటే వెబ్‌సైట్‌లో ఉన్న లైబ్రరీ పేజీ తెరవాల్సిందే. అంటే ఆ పేజీ బోర్డుకు అదనంగా ఇచ్చిన కాగితం కాదు. బోర్డులో చోటు లేక బయట పెట్టిన బోర్డు భాగం. అది చదవడం కష్టంగా ఉందంటే మీకు సగం బోర్డే అమ్మినట్టు.

పదమూడో రోజు ఆగిపోయిన ట్యాంకు

మా అల్మాస్‌గూడ వైపు ఇళ్లలో కింద సంపు, పైన ట్యాంకు, మధ్యలో మోటారు. మోటారు వేసి మర్చిపోవడం, ట్యాంకు నిండి నీళ్లు గల్లీలోకి పారడం, పక్కింటివాళ్లు గేటు కొట్టి చెప్పడం, ఇవన్నీ ఇక్కడ మామూలే. మీర్‌పేట, నాదర్‌గుల్ వైపు ఇంజినీరింగ్ కాలేజీలు ఉన్నాయి కాబట్టి, ట్యాంకు నిండగానే మోటారు దానంతట అదే ఆగే ప్రాజెక్టు ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు చేస్తూనే ఉంటారు.

మా గల్లీలో ఉండే బీటెక్ రెండో ఏడాది కుర్రాడు కూడా చేశాడు. ఈఎస్‌పీ32 బోర్డు, ట్యాంకు మూత కింద అల్ట్రాసోనిక్ సెన్సార్, మోటారు స్టార్టర్ దగ్గర రిలే. ప్రతి ఐదు సెకన్లకు నీటి మట్టం చూడటం, తక్కువుంటే మోటారు వేయడం, నిండితే ఆపడం. వాళ్ల ఇంట్లోనే పెట్టాడు, బ్రహ్మాండంగా నడిచింది. పదమూడో రోజు పొద్దున మోటారు ఆగలేదు. ట్యాంకు పొంగింది. కరెంటు తీసి మళ్లీ పెడితే మామూలుగా నడిచింది.

సెన్సార్ పోయిందన్నారు. కోఠి గుజరాతీ గల్లీకి పోయి కొత్తది తెచ్చి పెట్టాడు. మళ్లీ పన్నెండు రోజులు ఏ గొడవా లేదు. ఆ తర్వాత ఈసారి మోటారు వేయనే లేదు, ట్యాంకు ఖాళీ. "అన్నా, మళ్ల ఆగిపోయింది. వైరింగ్ ఒక్కసారి చూడవా" అంటూ నా దగ్గరకు వచ్చాడు. వైరింగ్‌లో ఏమీ లేదు. సెన్సార్లు రెండూ బాగానే ఉన్నాయి.

జరిగింది ఇది. మైక్రోపైథాన్ 'టైమ్' లైబ్రరీలో 'టిక్స్ ఎంఎస్' అని ఒక ఫంక్షన్ ఉంది. మిల్లీసెకన్ల కౌంటర్. బండి మీటర్ లాగా ఒక అంకె దాకా పోయి మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. ఈఎస్‌పీ32 మీద ఆ హద్దు 107 కోట్ల 37 లక్షల మిల్లీసెకన్ల పైచిలుకు. అంటే దాదాపు 12 రోజుల 10 గంటలు. ఈ కుర్రాడి కోడ్‌లో 'ఇప్పటి టిక్స్'లోంచి 'గత టిక్స్'ను మామూలుగా తీసివేసి, ఐదు సెకన్లు దాటాయా అని చూస్తున్నారు. కౌంటర్ సున్నాకు తిరగగానే ఆ తీసివేత మైనస్‌లోకి పోతుంది. ఐదు సెకన్లు దాటాయా అంటే ఎప్పుడు అడిగినా 'లేదు' అనే జవాబే. సెన్సార్‌ను చూడటం ఆగిపోతుంది. ఆ క్షణాన రిలే ఎలా ఉందో అలాగే ఉండిపోతుంది. మోటారు నడుస్తుంటే నడుస్తూనే ఉంటుంది. సంపు ఖాళీ అయ్యాక కూడా నడిస్తే మోటారు కాలిపోతుంది.

దీనికి మందు అదే లైబ్రరీలో ఉంది. 'టిక్స్ డిఫ్' అనే ఇంకో ఫంక్షన్. కౌంటర్ తిరిగినా తేడా సరిగ్గా లెక్కగడుతుంది. ఒక్క లైన్ మార్చాం. రెండు నెలలైంది, నడుస్తోంది.

ఈ బగ్ ఎంత దొంగదో చూడండి. కాలేజీ డెమో పది నిమిషాలు, అక్కడ దొరకదు. వైవాలో దొరకదు. మధ్యలో ఒక్కసారి కరెంటు పోయి వస్తే కౌంటర్ మళ్లీ మొదటికి వస్తుంది, కాబట్టి వానాకాలంలో నెలల తరబడి దొరక్కపోవచ్చు. కరెంటు బాగున్న ఇంట్లోనే అది బయటపడుతుంది. పట్టుకోవడానికి ఒకటే దారి, పేజీ చదవడం.

తప్పు చదవనివాడిదేనా?

"పేజీలో రాసే ఉంది కదా, చదవకపోతే వాడి తప్పు" అనడం తేలిక. నిజమే, మైక్రోపైథాన్ 'టైమ్' పేజీలో కౌంటర్ తిరుగుతుందని, నేరుగా తీసివేయొద్దని ఉంది. కానీ ఎన్ని రోజులకు తిరుగుతుందో అంకె ఉండదు. కావాలనే ఇవ్వలేదు. ఒక్కో బోర్డుకు అది మారొచ్చు కాబట్టి ఆ అంకె మీద ఆధారపడి కోడ్ రాయకూడదన్నది వాళ్ల ఉద్దేశం. ఇంజినీర్‌గా ఆలోచిస్తే కరెక్టే.

కానీ కొత్తగా నేర్చుకునేవాడి వైపు నుంచి చూడండి. 'విలువ ఎప్పుడో తిరుగుతుంది' అంటే వాడికి భయం వేయదు. 'చాలా 32 బిట్ బోర్డుల మీద ఇంచుమించు పన్నెండు రోజులకే తిరుగుతుంది, బోర్డును బట్టి మారుతుంది' అని ఒక్క వాక్యం ఉంటే గుండె ఝల్లుమంటుంది. ఆర్డూయినో వాళ్లు తమ 'మిల్లీస్' పేజీలో దాదాపు 50 రోజులకు తిరుగుతుందని అంకెతో సహా రాశారు. అందుకే ఆ 50 రోజుల సంగతి ఆర్డూయినో వాడే పిల్లల్లో చాలామందికి తెలుసు. అక్కడి నుంచి మైక్రోపైథాన్‌కు వచ్చినవాళ్లు ఇక్కడా 50 రోజులే అనుకుంటే దెబ్బతింటారు.

తెలిసినవాడికి గుర్తుచేసే పేజీ వేరు, తెలియనివాడికి చెప్పే పేజీ వేరు. ఇప్పుడున్నవాటిలో మొదటి రకమే ఎక్కువ.

ఒకే పేరు, వేరే లెక్క

ఇంకో మూడు ఉదాహరణలు. మూడూ మీ ప్రాజెక్టులో ఎప్పుడో ఒకప్పుడు తగులుతాయి.

ఒకటి, టైమ్. లాప్‌టాప్ పైథాన్ కాలాన్ని 1970 జనవరి 1 నుంచి సెకన్లలో లెక్కబెడుతుంది. ఈఎస్‌పీ32 మీద మైక్రోపైథాన్ 2000 జనవరి 1 నుంచి లెక్కబెడుతుంది. పికో మీద మళ్లీ 1970 నుంచే. ఈఎస్‌పీ32తో 2025లో రాసుకున్న రీడింగులను లాప్‌టాప్‌లో తెరిస్తే 1995 అని చూపిస్తుంది. మనం పుట్టకముందు డేటా అన్నమాట.

రెండు, అనలాగ్ రీడింగ్. ఈఎస్‌పీ32లో 'రీడ్' అంటే 0 నుంచి 4095 దాకా వస్తుంది. 'రీడ్ యూ16' అంటే 0 నుంచి 65535 దాకా. పికోలో రెండోది మాత్రమే ఉంది. మట్టిలో తేమ చూసే ఈఎస్‌పీ32 ప్రాజెక్టులో హద్దు 2000 అని పెట్టారనుకోండి, అది దాదాపు సగం. అదే కోడ్‌ను పికోకు తెచ్చి, ఫంక్షన్ పేరు మార్చి, 2000ను అలాగే వదిలేస్తే అది మూడు శాతం. ఎర్రర్ ఏమీ రాదు. మొక్క ఎండిపోతుంది, లేదా కుళ్లిపోతుంది, అంతే. దీనికి తోడు ఈఎస్‌పీ32లో ఏడీసీ2 కింద ఉన్న పిన్నులను వైఫై నడుస్తున్నప్పుడు చదవబోతే ఎర్రర్ వస్తుంది. వైఫై కలపనంత సేపూ బాగా నడిచిన సెన్సార్, వైఫై కలపగానే చచ్చిపోతుంది. ఇది తెలియక బోర్డునే మార్చేసినవాళ్లను చూశాను.

మూడు, పేర్లు. పాత వీడియోల్లో 'యూటైమ్', 'యూజేసన్' అని లైబ్రరీల పేర్ల ముందు 'యూ' కనపడుతుంది. 2023 అక్టోబరులో వచ్చిన 1.21 వెర్షన్ నుంచి ఆ 'యూ' తీసేసి మామూలు పేర్లకు వచ్చారు. పాత పేర్లతో రాసిన కోడ్ చాలావరకు నడుస్తుంది కాబట్టి గొడవ కనపడదు. కానీ కొత్తవాడు ఒక వీడియోలో ఒక పేరు, ఇంకో వీడియోలో ఇంకో పేరు చూసి ఇవి రెండు వేర్వేరు లైబ్రరీలనుకుంటాడు.

స్పెక్స్ ఓడిపోయిన కథ

డాక్యుమెంటేషన్ అమ్మకాలను మారుస్తుందా అంటే, నేనైతే మారుస్తుందనే అంటాను. రాస్ప్‌బెర్రీ పై పికో 2021 జనవరిలో 4 డాలర్లకు వచ్చింది. 264 కేబీ ర్యామ్, వైఫై లేదు, బ్లూటూత్ లేదు. అప్పటికి ఈఎస్‌పీ32 మార్కెట్లోకి వచ్చి నాలుగేళ్లు దాటింది, అందులో రెండూ ఉన్నాయి. మన మామూలు రివ్యూ లెక్కలో పికోకు రెండు స్టార్లు కూడా రాకూడదు.

కానీ పికోతో పాటే మొదటి రోజునుంచీ మైక్రోపైథాన్ గైడు ఉంది, సీ భాష గైడు ఉంది, చిప్ గురించి వివరమైన డేటాషీట్ ఉంది, కొత్తవాళ్ల కోసం విడిగా పుస్తకమే వేశారు. వైఫై ఉన్న పికో డబ్ల్యూ 2022 జూన్‌లో గానీ రాలేదు. ఈలోపే పికో స్కూళ్లలోకి, ప్రాజెక్టుల్లోకి వెళ్లిపోయింది. ధర ఒక కారణం, పేరు ఒక కారణం. డబ్బా తెరిచిన గంటలో ఎల్‌ఈడీ వెలిగించగలగడం అన్నిటికంటే పెద్ద కారణం అని నా అభిప్రాయం.

తెలుగులో ఎందుకు? ఇంగ్లీషు రాదా?

ఇక్కడే అసలు గొడవ. మన దగ్గర ఇంజినీరింగ్ చదివేవాళ్లకు ఇంగ్లీషు అక్షరాలు వస్తాయి, పరీక్ష రాసేంత ఇంగ్లీషూ వస్తుంది. కానీ పేజీలో మూడో పేరాలో ఉన్న ఒక హెచ్చరిక చదివి 'అమ్మో' అనుకునేంత తేలిగ్గా వస్తుందా? తెలుగు మీడియంలో పదో తరగతి దాకా చదివి వచ్చినవాళ్లను అడగండి. పేజీ తెరుస్తారు, ఉదాహరణ కోడ్ కాపీ చేస్తారు, మూసేస్తారు. హెచ్చరిక ఉండేది మాత్రం వాక్యాల్లో.

దీని ఫలితం దిల్‌సుఖ్‌నగర్‌లో బోర్డులు చూస్తే తెలుస్తుంది. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టులు రెడీమేడ్‌గా అమ్మే సెంటర్లు. చేతికి కిట్టు, కోడ్, రిపోర్టు అన్నీ ఇస్తారు. కొనేవాళ్లను తిట్టడం నాకు ఇష్టం లేదు. ఐదు వందల లోపు బోర్డుతో మన సొంతంగా చేయగలిగిన పనికి వేలు పోస్తున్నామంటే, మధ్యలో ఏదో దారి మూసుకుపోయిందని అర్థం. ఆ మూసుకుపోయిన దారుల్లో ఈ లైబ్రరీ పేజీ ఒకటి.

"ఏఐని అడిగితే తెలుగులోనే చెబుతుంది కదా" అంటారు. చెబుతుంది, నేనూ అడుగుతాను. కానీ అది నేర్చుకున్నవాటిలో పాత వీడియోల కోడ్, పాత పేర్లు, నేరుగా తీసివేసే టిక్స్ లెక్కలు కూడా ఉన్నాయి. అది చెప్పింది నిజమో కాదో తేల్చుకోవాలంటే చూడాల్సింది మళ్లీ ఆ పేజీనే. పేజీ చదవలేనివాడికి ఏఐ చెప్పింది నమ్మడం తప్ప వేరే దారి లేదు.

వేరే భాషలవాళ్లు ఏం చేశారో చూడండి. పైథాన్ అధికారిక డాక్యుమెంటేషన్ జపనీస్, కొరియన్, ఫ్రెంచ్, స్పానిష్, చైనీస్ భాషల్లో ఉంది. మైక్రోపైథాన్ నుంచి పుట్టిన సర్క్యూట్‌పైథాన్‌లో ఎర్రర్ మెసేజ్‌లను వాలంటీర్లు చాలా భాషల్లోకి మార్చారు. సరదాగా సముద్రపు దొంగల ఇంగ్లీషులో కూడా ఒక వెర్షన్ ఉంది! సరదాకే అంత ఓపిక ఉన్న లోకంలో, అవసరానికి మనకు ఓపిక లేకపోవడం ఏంటి?

మన దగ్గర అలవాటు లేని పనేమీ కాదు. 1918లో మొదలైన ఉస్మానియా యూనివర్సిటీ ఉర్దూ మీడియంలో పాఠాలు చెప్పడం కోసం 'దారుల్ తర్జుమా' అనే అనువాద విభాగాన్నే పెట్టుకుంది. సైన్సు పుస్తకాలను ఇదే హైదరాబాద్‌లో ఉర్దూలోకి తెచ్చారు. మన కాలంలో స్వేచ్ఛ సంస్థ వాళ్లు తెలుగులో లినక్స్ తెచ్చారు. ఫైర్‌ఫాక్స్, లిబ్రేఆఫీస్ మెనూలు తెలుగులో ఉన్నాయి. 2021-22 నుంచి తెలుగులో కూడా ఇంజినీరింగ్ చెప్పుకోవచ్చని ఏఐసీటీఈ అనుమతి ఇచ్చింది. మెనూ తెలుగులోకి వచ్చింది, క్లాసు రావొచ్చని చెప్పారు. సోల్డరింగ్ టేబుల్ మీద తెరిచి పెట్టుకునే పేజీ ఇంకా రావాలి.

మొత్తం అనువదించొద్దు, ఇలా రాయండి

ఒక మాట మాత్రం గట్టిగా చెబుతాను. మొత్తం డాక్యుమెంటేషన్‌ను పదానికి పదం తెలుగు చేయడం మొదలుపెడితే అది 'ఏ' అక్షరం దగ్గరే ఆగిపోతుంది. 'సూక్ష్మ నియంత్రిక', 'అంతర్నిర్మిత గ్రంథాలయం' అంటూ రాస్తే మళ్లీ అర్థం కోసం ఇంగ్లీషు పేజీయే తెరవాలి. పిన్నును పిన్ను అనండి, రిలేను రిలే అనండి. కోఠిలో కౌంటర్ దగ్గర ఏ పేరు చెప్పి అడుగుతామో పేజీలోనూ అదే పేరు ఉండాలి.

మూడు లైబ్రరీలతో మొదలుపెట్టొచ్చు: 'మెషీన్', 'టైమ్', 'నెట్‌వర్క్'. కాలేజీ ప్రాజెక్టుల్లో ఎక్కువ భాగం ఈ మూడింటితోనే నడుస్తాయి. ప్రతి ఫంక్షన్‌కు ఐదు విషయాలు చాలు. అది ఏం చేస్తుందో ఒక వాక్యం. లోపలికి ఇచ్చే విలువ, బయటికి వచ్చే విలువ ఏ యూనిట్‌లో, ఎక్కడి నుంచి ఎక్కడిదాకా. ఏ బోర్డు మీద తేడాగా నడుస్తుంది. ఏ వెర్షన్‌లో రాసి చూశారు. ఎక్కడ దెబ్బతినే ప్రమాదం ఉంది, రోజుల్లో, వోల్టుల్లో, అంకెలతో. దాని కింద కాపీ చేస్తే నడిచే నాలుగు లైన్ల కోడ్.

వెర్షన్ రాయడం మాత్రం మర్చిపోవద్దు. అది లేని పేజీ ఎక్స్‌పైరీ తేదీ లేని మందు లాంటిది.

ఇంగ్లీషు పేజీలో కూడా చెయ్యి పెట్టొచ్చు. మైక్రోపైథాన్ డాక్యుమెంటేషన్ అంతా కోడ్‌తో పాటే గిట్‌హబ్‌లో మామూలు టెక్స్ట్ ఫైళ్లుగా ఉంటుంది. ఏ వాక్యం అర్థం కాలేదో మార్చి పంపొచ్చు. రెజ్యూమెలో 'ఐఓటీ ప్రాజెక్టు' అని రాసుకునేవాళ్లు వందల మంది ఉంటారు. 'ఈ పేజీలో ఈ హెచ్చరిక నేను రాశాను' అని చెప్పగలిగేవాళ్లు ఎంతమంది?

ఇక కొనేవాళ్లకు నా సలహా. బోర్డును కార్ట్‌లో వేసే ముందు దాని పేరుతో క్విక్ రిఫరెన్స్ పేజీ ఉందో లేదో చూడండి. మైక్రోపైథాన్ సైట్‌లో ఈఎస్‌పీ32కు, ఈఎస్‌పీ8266కు, పికోకు విడివిడిగా ఉన్నాయి. అందులో పిన్, అనలాగ్ రీడింగ్, వైఫై, ఈ మూడింటి కోడ్ మీకు అర్థమవుతోందా? అర్థమైతే కొనండి. పేజీయే లేదంటే, అమ్మేవాడు జిప్ ఫైల్ పంపి 'చూసుకోండి' అంటున్నాడంటే, వంద రూపాయలు తక్కువైనా వద్దు.

ఇకపై నేను రాసే బోర్డు రివ్యూల్లో పది మార్కుల్లో మూడు డాక్యుమెంటేషన్‌కే. ర్యామ్ ఎంతైనా ఉండనీ, టైప్-సీ ఉండనీ, ఆ మూడు పోతే పోయినట్టే.